ఆకు కొసన మెలిక

వానలు సరిగ్గా పడిన ఏడు, శ్రావణంలో రాళ్లకొట్టాల ఊరి కంచెల మీద ఒక పువ్వు పూసేది. మొగ్గగా ఉన్నన్నాళ్లూ తల నేలకు వంచుకొని, పచ్చగా, ఎవరికీ కనబడకుండా ఉంటుంది. విచ్చుకునే రోజున ఆరు రేకలూ వెనక్కి తిరిగి ఆకాశం వైపు లేస్తాయి. మొదళ్లు పసుపు, కొసలు ఎరుపు. అంచులు సన్నని అలలుగా మడతపడి ఉంటాయి. రెండు మూడు రోజుల్లో ఆ ఎరుపు మెల్లమెల్లగా కిందికి దిగి, పువ్వంతా నిప్పవుతుంది. గాలి వీస్తే కంచె అంటుకున్నట్టే ఉంటుంది.

పుస్తకాలలో దాని పేరు అగ్నిశిఖ. రాళ్లకొట్టాలలో దాని పేరు ఎవరూ పలకరు. తప్పనిసరైతే ‘జగడాల పువ్వు’ అంటారు, అదీ గొంతు తగ్గించి. దాన్ని చూసిన వాళ్ల ఇంట్లో పొద్దు వాలేలోగా జగడం పుడుతుందని నమ్మకం. నీళ్లకు పోయే ఆడవాళ్లు కంచె మలుపు రాగానే, కడవ కదలకుండా, ముఖం మాత్రం ఎడమకు తిప్పుకునేవాళ్లు. చంకలో బిడ్డ ఉంటే బిడ్డ కళ్ల మీద కొంగు కప్పేవాళ్లు. ఏ ఇంట్లోనైనా అత్తాకోడళ్లు గొంతు పెంచితే, పక్కింటివాళ్లు గోడ మీదుగా అడిగే మొదటి మాట, “పొద్దున్నే ఎవరు చూసినారమ్మే దాన్ని?”

ఇంకా చాలా చెప్పుకునేవాళ్లు. ఒక్క రేక తెచ్చి పగవాడి చూరులో దోపితే ఆ ఇంటి అన్నదమ్ములు వేరుపడతారట. దుంపను గడప పక్కన పాతితే పాము గడప దాటదట. ఇవేవీ ఎవరూ చేసి చూడలేదు. చేయాలంటే ముందు దాన్ని చూడాలి కదా!

చూసేది మద్దమ్మ ఒక్కతే.

బేతంచెర్లకు రెండు క్రోసుల దూరంలో, నాపరాళ్ల గనుల పక్కన ఉన్న ఆ చిన్న ఊరికి మద్దమ్మ మంత్రసాని. మద్దిలేటి స్వామికి మొక్కుకొని కన్నారు కాబట్టి ఆ పేరు. మొగుడు రామలింగప్ప మగ్గం నేసేవాడు. మద్దమ్మది పొడుగాటి ఒళ్లు, పొడుగాటి వేళ్లు. పురిటింట్లోకి అడుగుపెడుతూ ఆమె అనే మాట ఊరందరికీ కంఠతా వచ్చు: “ఏడుపులు సాలించండి. నేనొచ్చినా.” ఆ మాటతో సగం నొప్పి తగ్గేదని కన్నతల్లులు చెప్పేవాళ్లు. మిగతా సగం ఆమె చేతులు చూసుకునేవి.

పువ్వును చూస్తుంది కాబట్టి ఆమె ఇంట్లో జగడాలుండాలి. ఉండేవి. పువ్వు పూయని మాఘమాసంలోనూ ఉండేవి.

ఆమెకు ఆ పువ్వును చూపించింది అత్త ఓబులమ్మ. అప్పటికి మద్దమ్మకు ఇరవై రెండేళ్లు. భాద్రపదంలో ఒక ఆదివారం, మిట్టమధ్యాహ్నం, ఇద్దరూ గుట్ట కింది కంచె దగ్గరికి పోయారు. నీడ పాదాల కిందికి వచ్చేదాకా ఓబులమ్మ కదలలేదు. మనిషి నీడ ఆ తీగ మీద పడకూడదు. ఇనుము తగలకూడదు. కొయ్యమేకుతో తవ్వాలి. తవ్వేముందు మూడుసార్లు అడగాలి: “తల్లీ, ఒక తల్లి కోసం వచ్చినా.”

బొటనవేలంత దుంపముక్కను నూలుపోగుతో కాన్పు కష్టమైన ఆడమనిషి నడుముకు కడితే, లోపలి బిడ్డ బయటి వెలుగును వెతుక్కుంటూ వస్తుందని ఓబులమ్మ చెప్పింది. కట్టే ముడి మాత్రం జారుముడి కావాలి. బిడ్డ నేల మీద పడిన ఆ క్షణంలో లాగేయాలి. బొడ్డు కోసేలోగా, బిడ్డ ఏడ్చేలోగా లాగేయాలి. లేకపోతే బిడ్డను పిలిచిన వేరే తల్లి ప్రాణాన్నీ పిలుస్తుంది.

“ఇది నడుముకు మందు, నోటికి విషం,” అంది ఓబులమ్మ. “పొరపాటున కడుపులో పడితే కడుపంతా కడిగేస్తాది. శానామంది బతకరు. బతికినోళ్లకు పది పదైదు దినాలకు తల ఎంటికలు రాల్తాయి. ఆ గుర్తు మర్చిపోవాకు.”

తర్వాత కోడలి తడి అరచేతిలో గుప్పెడు ఉప్పు పోసి, పిడికిలి మూయించింది.

“యాడుందో, ఎట్ల గుర్తుపట్టాలో ఊర్లో చెప్పినావంటే, ఈ ఉప్పు మాదిరే కరిగిపోతాది మందు. దుంప ఉంటాది, దాంట్లో జీవముండదు. నీ చేతులు వణికే కాలానికి ఒక్కదానికి చెప్పు. ఒక్కదానికే.”

మద్దమ్మ పిడికిలి తెరిచేసరికి ఉప్పు సగమైంది. మిగిలినది చర్మానికి అంటుకొని మెరిసింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె ఆ మాట మీదే నిలబడింది. ఏ కాన్పు కష్టమై చెయ్యి ఆగిపోయినా, మొలలో పోగుతో చుట్టిన ఆ ముక్క ఉందన్న ధైర్యంతో మళ్లీ చెయ్యి కదిలేది.

పందొమ్మిదివందల యాభై రెండులో ఆషాఢంలో ఒకే ఒక వాన పడింది. ఆ తర్వాత ఆకాశం ఉతికి ఆరేసిన బట్టలా తెల్లగా ఉండిపోయింది. జొన్న మోకాలెత్తు రాకుండానే ఎండింది. నూలు రాక మగ్గాలు ఆగిపోయాయి. బడి వరండాలో గంజి కేంద్రం తెరిచారు. మధ్యాహ్నం ఇనుప పట్టాముక్క మీద గంట కొడితే ఊరంతా ముంతలు పట్టుకొని వరుసలో నిలబడేది.

ఒక ముంత గంజితో పొద్దు గడవదు. జనం గుట్ట ఎక్కారు. గుట్ట మీద పొదల్లో అడవిగెనుసు తీగలుంటాయి. వాటి గడ్డలు తవ్వి, ఉడకబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ ఉడకబెట్టి తినేవాళ్లు. తీగల ఆకును ముందే కోసి మేకలకు వేసేవాళ్లు, ఎండిపోకముందే ఏదో ఒక నోటికి అందాలని. అందుకని తవ్వే వేళకు పొదల్లో ఉట్టి తీగలే మిగిలేవి.

ఆ గుట్ట పొదల్లోనే అగ్నిశిఖ కూడా ఆ ఒక్క వానకే మొలకెత్తింది. నడుమెత్తు లేచి ఆగిపోయింది. ఆ ఏడు పువ్వు పూయలేదు.

రాళ్లకొట్టాల వాళ్లు తప్ప వేరే ఊరివాళ్లు చేయని పొరపాటు అక్కడ జరిగింది. ముత్తాతల నాటి నుంచీ ముఖాలు తిప్పుకుంటూ వచ్చారు కాబట్టి, ఆ పువ్వు కింద తీగ ఎలా ఉంటుందో, ఆకు ఎలా ఉంటుందో ఊరిలో ఎవరూ ఎరుగరు. వాళ్లకు తెలిసిందల్లా కంటి అంచున ఒక ఎర్రని మంట. మంట లేకపోతే భయమూ లేదు. పువ్వు లేని తీగ వాళ్లకు ఉత్త తీగ.

శ్రావణం చివర్లో పక్కింటి సుబ్బక్కకు వాంతులు పట్టుకున్నాయి. ఆమె మొగుడు మారెన్న గనిలో నాపబండలు తీసేవాడు. ఆవేళ అతను ఇంకా పనిలోనే ఉన్నాడు. నాలుగు రోజులు ఆమె మంచం పట్టి, ఎండిన తోలుసంచిలా అయిపోయింది. ఊరు కలరా గత్తర అనుకొని హడలిపోయింది. గంజి కలిపే సుంకన్న ఊరిలో పెద్దమనిషి. అతని గిన్నెల్లోనే ఏదో ఉందని ఎవరో అంటే, అతను పౌరుషంతో గిన్నెలన్నీ ఇసుకతో తోమించి ఎండలో బోర్లించాడు. అయిదోరోజు సుబ్బక్క లేచి కూర్చొని గంజి అడిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పదిహేను రోజులు గడిచాయి. ఒక పొద్దున మద్దమ్మ వాకిట్లో కూతురు సిద్దమ్మ కాళ్లకు ఆముదం రాస్తోంది. సిద్దమ్మకు తొలి కాన్పు. డోన్‌లో అత్తగారింటి నుంచి ఏడో నెలలో వచ్చింది. ఇప్పుడు నెలలు నిండాయి. సన్నని నడుము, పెద్ద కడుపు. చూపుడువేలితో కొలిచి చూసిన ప్రతిసారీ మద్దమ్మ నవ్వుతూనే, “బాగుండాది,” అనేది. లోపల మాత్రం, ‘దారి ఇరుకు’ అనుకునేది. ముందరి ఆదివారమే మిట్టమధ్యాహ్నం పోయి, నీడ పడకుండా దుంప తవ్వి తెచ్చి, పోగు చుట్టి ఉట్టిలో దాచింది.

సుబ్బక్క తలకు కొంగు చుట్టుకొని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒడిలోంచి ఒక ఉండ తీసి నేల మీద పెట్టింది. చేటలో పేరిన దుమ్ములా ఉంది. అవి వెంట్రుకలు.

“దువ్వెన పెడితే చాలు, పిడికిళ్లు పిడికిళ్లుగా వస్తాండాయి మద్దక్కా,” అంది. “మా ఆయన ఏమంటాడో తెల్సా? మద్దిలేటి సామికి ఎప్పుడో మొక్కింటావు, మర్చిపోయింటావు, సామే వచ్చి తీసుకుంటాండాడంట. మంగలి ఖర్చు కూడా లేదంట.”

సిద్దమ్మ నవ్వింది. మద్దమ్మ నవ్వలేదు. ఆమె చేతిలో ఆముదం గిన్నె ఒరిగి, సన్నగా నేలకు కారింది.

“సుబ్బీ, నీకు వాంతులయ్యే ముందు ఏం తింటివి?”

“ఏం తింటి! గంజి తాగితి. గుట్ట మీద గడ్డలు తవ్వకొస్తి కదా, నాలుగు ఉడకేసుకొంటి. ఒకటి శానా చేదుండె. ఆకలికి చేదేముందిలే అని సగం మింగి, సగం పారేస్తి.”

“అది ఎట్లుండె?”

“ఏమో, తవ్వేటప్పుడే విరిగిపాయ. రెండు కొమ్ములుండె, నాగలి మాదిరి.” సుబ్బక్క ఆగి మద్దమ్మ ముఖంలోకి చూసింది. “ఏంటికక్కా, అట్ల చూస్తాండావు?”

“ఏం లే. తలకు ఆముదం రాస్తా రా. మళ్లీ వస్తాయిలే.”

ఆ పొద్దంతా మద్దమ్మ గడప మీద కూర్చుంది. ఎదురుగా గుట్ట. గుట్ట మీద చీమల్లా జనం. గంపలు, గునపాలు. దూరం నుంచి చూస్తే ప్రతి ఒక్కరూ ఒక వెన్నెముక వంపు మాత్రమే. ఆ వంపుల్లో సగం వాటిని ఈ లోకానికి తెచ్చింది ఆమె చేతులే. ఒక్కొక్కరినీ కాళ్లు పట్టుకొని తలకిందులుగా ఎత్తి, వీపు మీద చరిచి, మొదటి ఏడుపు వింది.

రామలింగప్ప ఆగిపోయిన మగ్గం గుంతలో ఊరికే కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడు. అలవాటు కొద్దీ అక్కడే కూర్చుంటాడు. ఆమె విషయమంతా చెప్పింది. దుంప పేరు చెప్పలేదు, అతను అడగలేదు.

“చెప్పేస్తే పోతాది కదా,” అన్నాడు.

“చెప్పేస్తే మందు సచ్చిపోతాది. సిద్దికి ఇంకో పది దినాలుండాది. దాని దారి ఇరుకయ్యా. ఆ వేరు లేకుండా నేను ఇరుకు కాన్పు ఎప్పుడూ చేయలా.”

“కాన్పు అయినాక చెప్పు మరి.”

“పది దినాలు వాళ్లు తినకుండా ఉంటారా?”

రామలింగప్ప మగ్గం వైపు వంగాడు. అడ్డకర్ర మీద వేళ్లు ఆనించి, లేని పోగుల్ని సర్దాడు. తల ఎత్తకుండానే, “నీ చేతులు కూడా సచ్చిపోతాయా ఏంది, చెప్పేస్తే?” అన్నాడు.

“నీకేం తెలుసయ్యా, మగ్గం తప్ప!” అని కసిరింది. కానీ ఆ మాట ఆమెతో పాటు లోపలికి వచ్చింది. పొయ్యి దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, వెంటే తిరిగింది.

తెల్లవారి ఆమె అతని ముందు చెయ్యి చాచింది. “నూలు ఇవ్వు. మూరెడు పోగులు ఒక పది.”

“పడుగు చివర మిగిలినవి అవే ఉండేది.”

“అవే ఇవ్వు.”

మధ్యాహ్నం గంజి గంట మోగేసరికి మద్దమ్మ బడి మెట్ల మీద నిలబడి ఉంది. కుడిచేతిలో ఒక తీగ, ఎడమచేతిలో ఒక తీగ. భుజం మీద తెల్లని నూలుపోగులు. వరుసలో ఎనభై మంది ఉన్నారు. చాలామంది పొద్దునే గుట్టకు పోయి, గడ్డలున్న గంపలతోనే వచ్చి నిలబడ్డారు.

“గంజి ఆగనీ సుంకన్నా,” అంది. “ఒక మాట చెప్తా. ఈ చేతిలోది మీరు తినే అడవిగెనుసు. ఈ చేతిలోది ఆ పువ్వు తీగ.”

గాలి తిరిగితే జొన్నచేను వంగినట్టు, ఎనభై ముఖాలూ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి. ఒకావిడ బిడ్డ కళ్లు మూసింది. ఎవరి ముంతో మెట్ల మీద దొర్లింది.

మద్దమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“తిప్పుకోండి, బాగా తిప్పుకోండి. తిప్పుకొని తిప్పుకొనే దాన్ని కడుపులో వేసుకుంటాండారు. సుబ్బికి గత్తర రాలా, సామి మొక్కూ లేదు. అది తినింది ఈ దుంప. ఈ ఏడు పువ్వు లేదు కాబట్టి మీకు తెలీదు. గుర్తు నేను చెప్తా.”

సుంకన్న గరిటె పట్టుకొని, ముఖం గోడ వైపు పెట్టుకొనే అరిచాడు. “చెప్పొద్దు మద్దమ్మా! చెప్తే మందు పోతాదని మీ అత్త మా అమ్మతో అన్నింది. మా కోడలికి అయిదో నెల. రేపు దానికి కష్టమైతే ఎవరు దిక్కు? నీ కూతురికే నెల నిండె గదా. నీకు బుద్ధుండాదా?”

“నా కూతురికి నెల నిండినందుకే నీకంటే ముందు ఆలోచన చేసినా సుంకన్నా. నీ కోడలికి కాన్పు వచ్చేది పుష్యంలో. పుష్యం దాకా అది బతకాల గదా?”

ఎవరూ తిరగలేదు. అప్పుడు వరుస మధ్యలోంచి సుబ్బక్క ముందుకు వచ్చింది. తలకు చుట్టుకున్న కొంగు విప్పేసింది. ఎండలో ఆమె తల కడిగిన గుండ్రాయిలా మెరిసింది. అక్కడక్కడ నాలుగు పోగులు మిగిలాయి.

“నేను చూస్తా,” అంది. “మా ఇంట్లో జగడం ఇంక కొత్తగా రావల్సిన పన్లేదు, మారెన్ననే ఉండాడు. జుట్టా, పోయింది. నాకేం భయం? చూపీ అక్కా.”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏమే, నన్నెందుకు లాగుతావు!” అని మారెన్న అరిచాడు. ఆ నవ్వుతో ఒక ముఖం తిరిగింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

మద్దమ్మ అగ్నిశిఖ తీగ నుంచి ఒక ఆకు తుంచింది. పోగు ఒకటి సుబ్బక్క రెండు చేతుల మధ్య బిగించి పట్టించింది. ఆకు కొసను ఆ పోగు మీద ఆనించి, చెయ్యి వదిలేసింది. ఆకు కింద పడలేదు. దాని కొస సన్నగా సాగి, కొక్కెంలా మెలి తిరిగి ఉంది. ఆ మెలికతో అది పోగును పట్టుకొని, గాలికి ఊగుతూ వేలాడింది. ఏదో చిన్న పచ్చని ప్రాణం పడిపోకుండా వేలు పట్టుకున్నట్టు.

తర్వాత గెనుసు ఆకు ఆనించింది. అది జారి సుబ్బక్క పాదాల మీద పడింది.

“అంతే గుర్తు. పోగు మీద వేలాడే ఆకు తినేది కాదు,” అంది మద్దమ్మ. “ఇంకా వినండి. గెనుసు తీగ తానే కొమ్మను చుట్టుకుంటాది, పాము మాదిరి. ఇది చుట్టుకోదు. నిటారుగా పోయి, ఆకు కొసలతో పట్టుకుంటాది. గెనుసు ఆకుకు కాడ ఉండాది, తమలపాకు మాదిరి. దీనికి కాడ లే. జొన్నాకు మాదిరి ఈనెలన్నీ కొస దాకా తిన్నగా పోతాయి. దుంప నాగలి మాదిరి రెండుగా వంగుంటే అది ఇదే. కానీ దుంప విరిగితే నేను కూడా చెప్పలేను. అందుకని ఆకు లేని తీగను తవ్వనే తవ్వొద్దు. మేకకు కోసే ముందు ఆకు చూడండి. ఆకు చూడని గడ్డ ఇంటికి రాకూడదు.”

పోగులు చేతులు మారాయి. ఎనభై మందీ ఒక్కొక్కరే వచ్చి ఆకును వేలాడదీసి చూశారు. కొందరు రెండోసారి చూశారు. ఒక ముసలాయన మాత్రం కళ్లు మూసుకొని, వేలితో తడిమి మెలికను తెలుసుకున్నాడు. మొత్తానికి తెలుసుకున్నాడు.

చివర్లో మద్దమ్మ మెట్ల పక్కనున్న గంపలు కుమ్మరించి చూసింది. మూడో గంపలో రెండు కొమ్ముల దుంప ఒకటి దొరికింది. దానికి ఇంకా జానెడు తీగ ఉంది, తీగకు నలిగిన రెండు ఆకులున్నాయి. సుబ్బక్క పోగు చాచింది. ఆకు వేలాడింది.

“ఇది ఎవరి గంప?” అని అడిగింది మద్దమ్మ.

సుంకన్న గరిటె కింద పెట్టాడు. పొద్దున అతని కోడలే గుట్టకు పోయి వచ్చింది.

దగ్గరికి వచ్చి ఆ దుంపను కళ్లారా చూశాడు. ఆ రోజు మద్దమ్మ ముంతలో గంజి అంచు దాకా వచ్చింది. ఆమె సగం గంజి మళ్లీ గిన్నెలో పోసి, “అందరితో పాటే,” అంది.

ఇంటికి వచ్చాక ఉట్టిలోంచి సిద్దమ్మ కోసం దాచిన దుంపముక్కను తీసింది. అరచేతిలో పెట్టుకొని చూసింది. నిన్నటి లాగే ఉంది, అదే బరువు, అదే తెలుపు. చచ్చిపోయిందో బతికుందో చూపులకు తెలియడం లేదు. మళ్లీ ఉట్టిలో పడేసి, ఆ సాయంత్రం నుంచి చేతి గోళ్లు కత్తిరించుకొని, వేళ్లకు నూనె పట్టించడం మొదలుపెట్టింది. సిద్దమ్మను వాకిట్లో పొద్దూ సాయంత్రం నడిపించింది. గొంతుక్కూర్చోబెట్టి లేపింది. “ఇంక నేనూ నువ్వే బిడ్డా,” అంది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. గంజి గంట మోగేసరికి కూడా బిడ్డ తల దిగలేదు. సిద్దమ్మ మగ్గం గుంజను రెండు చేతులతో పట్టుకొని గొంతుక్కూర్చుంది. సుబ్బక్క వెనక నుంచి పట్టుకుంది. రామలింగప్ప బయట గోడకు ఆనుకొని, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ, “అయిపోయినట్టే, అయిపోయినట్టే,” అని చెబుతున్నాడు.

మద్దమ్మ వేళ్లు లోపలి చీకటిలో దారి వెతికాయి. తల ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆమె నొప్పి వచ్చినప్పుడు ఆగింది, నొప్పి తగ్గినప్పుడు కదిలింది. ఇరవై ఆరేళ్లలో ఎన్ని తలలను తాకిందో ఆ వేళ్లకే తెలుసు. ఏ అరవెంట్రుక వాసికి ఎంత ఒత్తిడి కావాలో అవి ఎవరినీ అడగలేదు. ఒరిగిన తల మెల్లగా తిరిగింది. అయినా దిగలేదు.

ఎండ వాలింది. సిద్దమ్మ పెదవులు తెల్లబడ్డాయి.

“అమ్మా, వేరు కట్టు.”

“అది సచ్చిపోయింది బిడ్డా. ఊరందరికీ చెప్పేసినా కదా.”

“సచ్చినా సరే, కట్టు. నువ్వు కట్టినావంటే నాకు చాలు.”

మద్దమ్మ ఉట్టి వైపు చూసింది. సుబ్బక్క వైపు చెయ్యి చాచింది. సుబ్బక్క ఉట్టిలోంచి ముక్క తెచ్చి ఇచ్చింది. ఆమె కూతురి నడుముకు పోగు చుట్టి, జారుముడి వేసింది. మూడుసార్లు అడగాల్సిన మాట నోటికి వచ్చింది కానీ, అడగడానికి అక్కడ తీగ లేదు. అందుకని కూతురి చెవిలో అంది: “తల్లీ, ఒక తల్లి కోసం వచ్చినా. ఏడుపు సాలించు. నేనొచ్చినా.”

తర్వాతి నొప్పికి సిద్దమ్మ మగ్గం గుంజను పట్టి లాగిన లాగుడుకు చూరులోంచి మట్టి రాలింది. తల దిగింది. భుజం వచ్చింది. చివరి ఎండ కిటికీలోంచి పడుతున్న చోటికి బిడ్డ జారింది.

మద్దమ్మ కుడిచెయ్యి బిడ్డను అందుకుంది. ఆ కుడిచెయ్యి ఇంకా బిడ్డను అందుకుంటూ ఉండగానే ఎడమచెయ్యి పోగు కొసను పట్టి లాగింది. ముడి జారింది. దుంప ఎగిరి మగ్గం గుంతలో పడింది. బొడ్డు కోయకముందే, బిడ్డ ఏడవకముందే.

ఆ తర్వాత బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. బయట రామలింగప్ప గొంతు, “అయిపోయింది కదా, నేను చెప్పలా!” అని ఎవరితోనో అంటోంది.

సుబ్బక్క మగ్గం గుంతలోకి, మద్దమ్మ ఎడమచేతి వైపుకి మార్చి మార్చి చూసింది.

“మద్దక్కా, సచ్చిన వేరు కదా. అంత తొందరగా లాగినావేంటికి?”

మద్దమ్మ తన చేతిని తానే కొత్తగా చూసుకుంది. తర్వాత నవ్వింది. వాకిట్లో ఆముదం ఒలికిన పొద్దు నుంచి అది ఆమె మొదటి నవ్వు.

“నోరు చెప్పేసింది సుబ్బీ. చెయ్యి వినలా.”

బిడ్డకు నీళ్లు పోసి తుడిస్తే, తల నిండా జుట్టు. చెవుల మీదికి దిగిన నల్లని, దట్టమైన జుట్టు. సుబ్బక్క ఆ జుట్టును మునివేళ్లతో తాకింది. తన తల మీది కొంగు తడుముకుంది.

“చూడు చూడు, దొంగముండ! నాది యాడికి పోయిందా అని పది దినాల నుంచి వెతుకుతాండా. ఇదిగో, అంతా ఇది ఎత్తుకొచ్చింది!”

అలసిపోయి కళ్లు మూసుకున్న సిద్దమ్మ కూడా ఆ మాటకు నవ్వింది.

మరుసటి ఏడు వాన పడింది. శ్రావణంలో కంచెలు మళ్లీ అంటుకున్నాయి. సుబ్బక్కకు చెవుల దాకా జుట్టు వచ్చింది, ముందరికంటే వంకులు తిరిగి. నీళ్లకు పోయే ఆడవాళ్లు కంచె మలుపులో ఆగేవాళ్లు. కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, ఆకు కొసను దాని మీద ఆనించి, వేలాడుతుందో లేదో చూసేవాళ్లు. చూసి, తృప్తిగా, ముఖం ఎడమకు తిప్పుకొని పోయేవాళ్లు. జగడాలు ఎప్పటి మాదిరే ఉన్నాయి.

సుంకన్న కోడలి కాన్పు అంతకుముందు పుష్యంలోనే సుఖంగా అయింది. వేరు కట్టే పని పడలేదు. అయినా ఆ భాద్రపదంలో ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం మద్దమ్మ కొయ్యమేకు పట్టుకొని గుట్ట కిందికి పోయింది. చంకలో మనవరాలు ఉంది. నీడ పాదాల కిందికి వచ్చేదాకా ఇద్దరూ కంచె పక్కన ఎండలో నిలబడ్డారు.

పిల్ల రెండు చేతులూ చాచి నిప్పురేకుల వైపు వంగింది. మద్దమ్మ దాని కళ్ల మీద కొంగు కప్పలేదు. చిన్ని మణికట్టు మాత్రం పట్టుకుంది.

“చూడు,” అంది. “బాగా చూడు. ముట్టొద్దు.”